చిట్టాలో మొదటి వరుస

నేనుండేది నిజాంపేటలో. మా ఊరు కూడా నిజాంపేటే. ఒకటి హైదరాబాద్‌లో, కూకట్‌పల్లి దాటాక, అపార్ట్‌మెంట్ పక్కన అపార్ట్‌మెంట్ లేస్తూ పోయే నిజాంపేట. రెండోది మెదక్ జిల్లాలో, రామాయంపేట నుంచి సిద్దిపేట పోయే తొవ్వలో తగిలే మండల కేంద్రం. నారాయణఖేడ్ వైపు ఇంకో నిజాంపేట కూడా ఉంది గానీ అక్కడ నాకెవరూ లేరు. సరుకులు తెచ్చే యాప్‌లో నిజాంపేట అని కొడితే పది నిమిషాల్లో గుమ్మం ముందు సంచీ ఉంటుంది. ఈ సంగతి అమ్మకు తెలుసు. అందుకే డిసెంబర్ మొదటి వారంలో ఫోన్ చేసి ముందే చెప్పింది.

"ఫోన్ల నిజాంపేట అని కొట్టి ఆర్డర్ పెట్టేవు. అవి మీ నిజాంపేటకే వస్తయి. కాయితం మీద రాయి."

"ఏం రాయాలె?"

"పండగ చిట్టా. ఈసారి నువ్వే రాయాలె మరి."

మా ఇంట్లో క్రిస్మస్ సామాన్ల చిట్టా బాపు రాసేవాడు. బాపు 2025 మే నెలలో పోయాడు. పొద్దున పనికి పోయిన మనిషి మధ్యాహ్నానికి గుండెపోటుతో సిద్దిపేట ఆసుపత్రిలో ఉన్నాడు, సాయంత్రానికి లేడు. అంతకుముందు డిసెంబర్‌లోనే మెదక్ చర్చికి వందేళ్ళు నిండిన పండగ చూసి వచ్చాడు. ఆ జనంలో నా చెప్పు తెగిపోతే, తన చెప్పులు నాకిచ్చి ఉత్త కాళ్ళతో బండి దాకా నడిచాడు.

ఏడాది గడవని ఇంట్లో పండగ చేయకూడదు. ఇది బైబిల్లో ఉన్న మాట కాదు, ఊళ్ళో ఉన్న మాట. మేం చర్చికి పోయేవాళ్ళమైనా ఊళ్ళో ఉండేవాళ్ళమే కదా. మేనమామ ఫోన్ చేసి, "ప్రార్థనకు పోయి వచ్చి మీ మటుకు మీరు వండుకొని తినుండ్రి చెల్లె, ఎవలూ ఏమనుకోరు" అన్నాడు. నాకూ అదే నయమనిపించింది. పది మందిమే ఉందాం, రామాయంపేటలో ఏదన్నా హోటల్ నుంచి బిర్యానీ తెప్పిద్దాం, అమ్మకు పని తప్పుతుంది అన్నాను. ఫోన్ స్పీకర్‌లో ఉందేమో, వెనక నుంచి అవ్వ గొంతు వినపడింది. అవ్వ అంటే బాపు వాళ్ళమ్మ. కొడుకు పోయినాక ఆమె మాట్లాడటమే తగ్గించింది.

"మనం చెయ్యకున్నా వస్తరు. వచ్చినోళ్ళకు ఏం చెప్తవు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ శనివారం బస్సెక్కి ఊరికి పోయాను.

*

బాపు పొడుగు నోట్‌బుక్కు బియ్యం డబ్బా మీద ఉండేది. అట్టకు ఏదో విత్తనాల కంపెనీ క్యాలెండర్ కాగితం తొడిగి ఉంది. బాపు సుతారి పని చేసేవాడు. గోడకు ఎన్ని ఇటుకలు పడతాయో, స్లాబుకు ఎన్ని బస్తాల సిమెంట్ పోతుందో అదే పుస్తకంలో ముందు నుంచి రాసుకునేవాడు. వెనక నుంచి తిప్పితే క్రిస్మస్ లెక్కలు. ఏడాదికో పేజీ. మొదటి పేజీ 2004.

చిట్టా అంటే ఉప్పు, పప్పు, నూనె అని మొదలవుతుందనుకున్నాను. బాపు చిట్టా మనుషులతో మొదలైంది. మనోళ్ళు ఇంతమంది. అత్తగారోళ్ళు ఇంతమంది. పాస్టర్ గారోళ్ళు నలుగురు. వాడకట్టు ఇంతమంది. ప్రతి పేజీలోనూ చివర ఒక వరుస: "లెక్క లేకుండ – 10." కొన్నేళ్ళు పన్నెండు, ఒక ఏడాది పదిహేను. దాని కింద గీత. గీత కింద సామాన్లు. సామాన్లలో ప్రతి ఏడూ మొదటి వరుస ఒక్కటే, బియ్యం.

వెనక అట్ట లోపలి వైపు సూత్రాలు రాసుకున్నాడు. కిలో బియ్యానికి ఎనిమిది మంది అంటరు, మనోళ్ళయితే ఆరుగురే. కిలో మటన్‌కు ఆరుగురు, బొక్కలు ఎక్కువుంటే ఐదుగురు. బగారకు పాత బియ్యమే, కొత్తవి ముద్దయితయి. ఉల్లిగడ్డ బియ్యంల సగం. పుదీన, కొత్తిమీర పండగకు ముందు రోజు తేవాలె. చాయకు లీటరు పాలకు పన్నెండు మంది. "చక్కెర దాచిపెట్టు, పిల్లలు తింటరు" అని ఒకచోట ఉంది. ఆ పిల్లలం నేనూ అక్కా.

నేను కూడా మనుషులతోనే మొదలుపెట్టాను. మేం, కాక వాళ్ళు కలిపి పద్నాలుగు. అక్క, అక్క అత్తగారోళ్ళు ఐదుగురు. మేనమామ వాళ్ళు ఐదుగురు. పాస్టర్ గారోళ్ళు నలుగురు. ఇరవై ఎనిమిది. గీత కొట్టాను. అమ్మ చూపు సరిగ్గా ఆనదు గానీ గీత ఎక్కడ కొట్టానో చూసింది.

"కింద ఇంకోటి రాయలేదేంది?"

"లెక్క లేకుండనా? ఎవలొస్తరమ్మా ఈ ఏడు?"

"ఎవలొస్తరో తెలిస్తే లెక్కలనే రాద్దుము గదనే."

లెక్క లేకుండ పన్నెండు అని రాశాను. మొత్తం నలభై. బగారకు బియ్యం ఏడు కిలోలు. మటన్ ఆరు, కోడి నాలుగు. పప్పుచారుకు కందిపప్పు రెండు. నూనె ఐదు లీటర్లు, అందులో మూడు పిండివంటలకే. గరిజెలకు మైదా, ఎండు కొబ్బరి, చక్కెర. మురుకులకు బియ్యం పట్టించాలి. షాజీరా, లవంగాలు, ఇలాచీలు, దాల్చినచెక్క, బిర్యానీ ఆకు నేను బేగంబజార్‌లో కొనుక్కొస్తాను. కేకు కూడా హైదరాబాద్ నుంచే, రెండు కిలోలు. విస్తరాకులు యాభై.

"బియ్యం కొనుడెందుకు? రేషన్ సన్నబియ్యం ఉన్నయి గద" అంది అమ్మ. 2025 ఉగాది నుంచి రేషన్ దుకాణంలో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అట్ట వెనక చూపించాను, బగారకు పాత బియ్యమే అని బాపు రాసింది. అమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి కాసేపు ఊరుకుంది. "అయితే కొను. ఒక బస్తా కొను" అంది.

*

బియ్యం బస్తా అని రాస్తుంటే నా చెయ్యి ఆగింది.

ఆన్‌లైన్‌లో క్రైస్తవుల గురించి ఏ వార్త వచ్చినా కింద రెండు మాటలు పడతాయి, రైస్ బ్యాగ్ అని. బియ్యం బస్తా కోసం మతం మారినోళ్ళు అని దానర్థం. మొదట్లో అర్థం కాక ఒక ఫ్రెండ్‌ను అడిగాను, తను ఇబ్బంది పడుతూ చెప్పింది. తర్వాత ఒక ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ఒకతను నవ్వుతూ, "క్రిస్మస్‌కు మీకు బస్తా ఎన్ని కిలోలది వస్తది?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అదే నన్ను చాలా రోజులు తిన్నది, నేను కూడా నవ్వడం.

ఆ మాటలో కొంత నిజముంది. మా ముత్తాత మెదక్ గుడికి రాళ్ళు మోశాడని ఇంట్లో చెప్పుకుంటారు. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఇంగ్లిష్ మిషనరీ ఆ గుడి పని 1914లో మొదలుపెట్టించాడు. పదేళ్ళు పట్టింది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేశారు. గోపురం ఎత్తు 173 అడుగులు. అది యుద్ధాలూ కరువూ రోగాలూ కలిసి వచ్చిన కాలం. పని చేసినోళ్ళకు తిండి అనే పద్ధతి మీద చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనాన్ని పిలిచి కట్టించారని మెదక్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఊరి బావిలో నీళ్ళు తోడుకోనివ్వని మా మాదిగ, మాల వాడల వాళ్ళు.

చిన్నప్పుడు ఈ కథ నాకు గొప్పగా ఉండేది. ఆ లంచ్ టేబుల్ తర్వాత సిగ్గుగా మారింది. ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు బాపును అడిగేశాను. "మనోళ్ళు అన్నం కోసమే పోయిన్రా?"

బాపు చెయ్యి కడుక్కుంటున్నాడు. వేళ్ళ సందుల్లో సిమెంట్ తొందరగా పోదు, పీచుతో రుద్దాలి. రుద్దుతూనే చెప్పాడు. "పనికి పోయిన్రు. అన్నం కూలి. నేను మొన్న రామాయంపేటల ఇల్లు కట్టి పైసలు తీస్కున్న. నేను ఆ ఇంటాయన మతంల కలిసిన్నా?"

"మరి మతంల కూడా కలిసిన్రు గదా."

"కలిసిన్రు. పక్కన కూసోబెట్టుకొని పెట్టిన్రట. అంతకుముందు ఎవలు పెట్టిన్రు?" అని, కాసేపాగి, "పదేండ్లు! ఎంతమంది తిన్నరో, ఎన్ని బస్తాలు పట్టినయో. నేనైతే రాసిపెడుదును" అన్నాడు. ఆయనకు నిజంగా ఆ లెక్క కావాలి. గోపురం చూసినప్పుడల్లా మనం ఫొటో తీసుకుంటాం. బాపు ఆ రాయి పైకి ఎట్ల ఎక్కించారో, ఎక్కించినవాళ్ళు ఆ పూట ఏం తిన్నారో ఆలోచించేవాడు.

నేను చిట్టాలో మొదటి వరుస పూర్తి చేశాను. బియ్యం, పాతవి, 25 కిలోల బస్తా ఒకటి.

*

పాత పేజీలు తిప్పుతుంటే ఇంకో సంగతి కనపడింది. 2004 నుంచి 2013 దాకా మటన్ వరుస కింద "ఇంకోటి – 4 కి." అని ఉంది. 2014 నుంచి లేదు. ఇంకోటి అంటే ఏందని అమ్మను అడిగితే వినపడనట్టు పొయ్యి దగ్గరికి పోయింది. అవ్వను అడిగాను.

"పెద్దకూర" అంది అవ్వ. "పేరు ఎట్ల రాస్తడు? ఆ కాయితమే గద దుకాణంల ఇచ్చేది."

అప్పుడు లెక్క తెలిసింది. 2014లో అక్క పెళ్ళయింది. అక్క అత్తగారోళ్ళు కూడా మనోళ్ళే, చర్చికి పోయేవాళ్ళే, కాని పట్నంలో రెండు తరాలుగా ఉద్యోగాలు. ఆ ఇంట్లో పెద్దకూర మాట ఎత్తరు. వాళ్ళు క్రిస్మస్‌కు మా ఇంటికి రావడం మొదలైన ఏడే ఆ వరుస పోయింది. ఎవరూ వద్దనలేదట. బాపే ఆపేశాడు. మా తాతల కాలంలో క్రిస్మస్ అంటే అదే కూర. మేక కొనే పైసలు ఎవరి దగ్గర ఉండేవి? అది ఏడాదికి ఒక్కనాడు పొయ్యి మీద కుతకుత ఉడుకుతుంటే వాడంతా వాసన వచ్చేదని, చింతచిగురు ఎండబెట్టింది అందులో వేసేవారని, మిగిలింది వరుగులు చేసి దండెం మీద ఆరేసేవారని అవ్వ చెప్పింది. ఇంతసేపు అవ్వ మాట్లాడటం మే నెల తర్వాత అదే మొదటిసారి.

"తింటవా అవ్వా?"

"పండ్లు లేవు." కొంచెం ఆగి, "మెత్తగ ఉడికితే తింట."

చిట్టాలో రాశాను. పెద్దకూర – 2 కి. పేరుతోనే రాశాను. అమ్మ వచ్చి చూసింది. గొడవ పెట్టుకుంటుందనుకున్నాను. "దుకాణంల ఇచ్చేది ఇది కాదు. దానికి వేరే కాయితం రాయి" అంది. అంతే. వేరే కాయితం రాశాను. నాకైతే అది ఓడిపోయినట్టే అనిపించింది. అమ్మకు అట్లా ఏమీ అనిపించలేదు. రోజూ ఆ దుకాణానికి పోయేది తను కదా.

*

తాగేవాటి దగ్గర నిజంగా గొడవ అయింది.

క్రిస్మస్ అంటే హైదరాబాద్‌లో నా ఫ్రెండ్స్ ఇంట్లో వైన్ చేస్తారా అని అడుగుతారు. రమ్‌లో నానబెట్టిన ఎండు ద్రాక్షలు, కొవ్వొత్తులు, పొయ్యి పక్కన మేజోళ్ళు వాళ్ళ మనసులో ఉంటాయి. అవన్నీ సినిమాల్లో క్రిస్మస్. మా పండగకు ద్రాక్షరసం ఉండేది చర్చిలో, సంస్కారం గిన్నెలో, ఒక్క గుక్క. ఇంట్లో అయితే చాయ. తెల్లారుజామున ఒకసారి, గుడి నుంచి వచ్చినాక ఒకసారి, తిన్నాక మళ్ళీ. పాలు ఎనిమిది లీటర్లు. కూల్‌డ్రింకులు రెండు లీటర్ల సీసాలు ఆరు, పాస్టర్ గారోళ్ళకూ పిల్లలకూ.

ఆ తర్వాత బాపు పుస్తకంలో ప్రతి ఏడూ "కల్లు" అని ఒక వరుస, దాని పక్కన "తమ్మునికి వేరే" అని మూడో వరుస. చలికాలం ఈతకల్లు. అవ్వ కూడా ఒక గ్లాసు తాగేది, పాస్టర్ గారు వెళ్ళిపోయినాక. వేరే అంటే కాక తాగే సీసా. బాపు కొనిపెట్టకపోతే కాక బయట ఎక్కడో తాగి ఎక్కడో పడతాడని, ఇంట్లో అయితే కళ్ళ ముందు ఉంటాడని బాపు లెక్క. ప్రతి క్రిస్మస్ సాయంత్రం ఆ సీసా దగ్గరే మాట పెరిగేది.

"ఈసారి అది రాస్తే నేను పొయ్యి ముట్టియ్య" అంది అమ్మ. "మీ బాపు ఉన్నడు కాబట్టి ఆయన్ని పట్టుకున్నడు. ఇప్పుడు ఎవలు పట్టుకుంటరు? నువ్వు పట్టుకుంటవా?"

రాయలేదు. కల్లు వరుస కూడా రాయలేదు. అవ్వ ఏమీ అనలేదు.

మేనమామ కొడుకు సంగతి ఇంకోటి. వరుసకు బావ, ఈ ఏడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. మా అమ్మ పుట్టింటి వైపు అందరూ చర్చికి పోరు, సగం అటూ సగం ఇటూ. నలభై ఒక్క రోజుల దీక్ష సరిగ్గా క్రిస్మస్ మీదుగా పోతుంది. మా దిక్కు డిసెంబర్‌లో ఇది ప్రతి ఊళ్ళో ఉన్న ఇరకాటమే. రావద్దని చెప్పలేం, వస్తే మా గంజుల్లో వండింది తినడు. అమ్మ ఫోన్ చేసి, మేనల్లుడిని స్వామీ అని పిలిచి మరీ అడిగింది, ఏం పెట్టమంటావని. అరటిపండ్లు, పాలు అన్నాడు. చిట్టాలో "స్వామికి: అరటిపండ్లు డజన్, పాలు లీటర్, కొత్త స్టీల్ గ్లాసు" అని చేరింది.

*

చిట్టా రాసినంత సులువు కాదు కొనడం. ఆ డిసెంబర్ 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా సర్పంచి ఎన్నికలు జరిగాయి. గెలిచినవాళ్ళ దావత్‌లు, ఓడినవాళ్ళ దగ్గర మిగిలిన దావత్‌లు. మా దిక్కు మేకలన్నీ వాటికే పోయినట్టున్నాయి. వంట మనిషి దొరకలేదు, టెంట్ హౌస్‌లో పెద్ద గంజులు దొరకలేదు. సిద్దిపేటలో మటన్ కిలో 800 దాటింది. చివరికి వాడకట్టులో నాలుగిండ్ల వాళ్ళు కలిసి ఒక మేకపోతును మాట్లాడి పోగులు వేసుకుంటున్నారని తెలిసి, కాక పోయి మాకు రెండు పోగులు చెప్పి వచ్చాడు. ఆరు కిలోలకు కాస్త తక్కువే వచ్చింది. తలకాయ మాత్రం అవ్వకని విడిగా అడిగి తెచ్చాడు.

20వ తేదీ కిరాణా దుకాణానికి పోయాను. చిట్టా ఇచ్చాను. దుకాణం ఆయన అక్షరం కొత్తగా ఉందని తల ఎత్తి నన్ను చూశాడు. సామాన్లు కట్టించాడు. బస్తా ఆటోలో వేయించాడు. పైసలు ఇవ్వబోతే చిన్నగా దగ్గాడు.

"బిడ్డా, మీ బాపుది పోయిన పండగది కొంచెం ఉన్నది. మీ అమ్మకు చెప్పలే. ఇప్పుడే ఇయ్యాలని లేదు."

ఖాతా పుస్తకం తిప్పి చూపించాడు. 2024 డిసెంబర్ సామాన్లు. సంక్రాంతి తర్వాత కొంత కట్టాడు. మార్చిలో కొంత. యాసంగి వడ్లు అమ్మినాక మిగతాది ఇస్తానన్నాడట. వడ్లు అమ్మిన పైసలు వచ్చేటప్పటికి ఆయన లేడు. ఇంకా 3,460 రూపాయలు. ముందు పేజీలు కూడా చూశాను, ఆపలేకపోయాను. ప్రతి ఏడూ అంతే. డిసెంబర్‌లో మేం తిన్న పండగను బాపు మే నెల దాకా కట్టేవాడు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న నాలుగేళ్ళు కూడా. నేను కేకు తెచ్చేదాన్ని. చిట్టా సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

వందేళ్ళ పండగ నాడు మేం తిన్న అన్నం బాకీ ఇంకా తీరలేదన్నమాట. ఫోన్‌తో స్కాన్ చేసి కట్టేశాను. ఆయన ఖాతాలో బాపు పేరు మీద అడ్డంగా గీత కొట్టాడు. ఆ గీత కొట్టేటప్పుడు నేను పక్కకు చూశాను.

ఆటోలో బస్తా మీద చెయ్యి వేసుకొని కూర్చున్నాను. నలభై మందికి ఇంత వండాలా, లెక్క లేకుండ పన్నెండు ఎందుకు అని మళ్ళీ ఆలోచన వచ్చింది. అప్పు చేసి ఊరికి అన్నం పెట్టడం తెలివైన పని అని నేను ఇప్పటికీ అనను. బాపు బతికుంటే దీని మీద కొట్లాడేదాన్ని.

*

25వ తేదీ గురువారం. రాత్రి మూడింటికే లేచి, కాక మాట్లాడిన వ్యాన్‌లో రామాయంపేట మీదుగా మెదక్ పోయాం. గుడి ఆవరణంతా దుప్పట్లు కప్పుకొని పడుకున్న జనం, చెట్ల కింద మూడు రాళ్ళ పొయ్యిలు. ఎక్కడెక్కడి నుంచో ముందు రోజే వచ్చి, అక్కడే వండుకొని, అక్కడే తిని పోతారు. చీకట్లోనే ఆరాధన మొదలైంది. లోపలికి పోలేకపోయాం, మెట్ల దగ్గర నిలబడి మైకులో విన్నాం. అవ్వ గోడకు చెయ్యి ఆనించి నిలబడింది.

ఇంటికొచ్చి పొయ్యిలు ముట్టించాం. పెద్దకూర పెరట్లో వేరే గంజులో, ఎండబెట్టిన చింతచిగురుతో పొద్దున్నుంచీ ఉడుకుతూనే ఉంది. పదకొండింటికి పాస్టర్ గారోళ్ళు వచ్చి ప్రార్థన చేసి, బాపు పేరు చెప్పి, బాపు కుర్చీ వైపు చూడకుండా తిని పోయారు. స్వామి వచ్చి చాప మీద కూర్చొని అరటిపండ్లు తిన్నాడు, కొత్త గ్లాసులో పాలు తాగాడు, అవ్వకు కాళ్ళు మొక్కబోతే అవ్వ భయపడి లేచి, "నువ్వే స్వామివి, నాకు మొక్కుడేంది" అని తనే దండం పెట్టింది. అక్క అత్తగారోళ్ళు ముందు గదిలో తింటున్నప్పుడు అక్క పెరట్లోకి వచ్చింది. అవ్వ విస్తరి పక్కన కూర్చొని, అందులోంచి రెండు ముక్కలు తీసుకుంది. పదేళ్ళు దాటిందే ఇది తినక అంది. ఇంకో రెండు తీసుకుంది.

లెక్క లేకుండ వాళ్ళు ఒకటి గంట నుంచి మొదలయ్యారు. బాపు దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు పిల్లగాళ్ళు, ఇప్పుడు పెద్ద మేస్త్రీలు, భార్యాపిల్లలతో వచ్చారు. ఏడాది కాలేదు కదా, వంట ఉంటుందో ఉండదోనని గుమ్మం దగ్గరే ఆగారు. మెదక్ నుంచి సిద్దిపేట వైపు తిరిగి పోతున్న ఒక కుటుంబం, ప్రతి ఏడూ దిగి తిని పోతారట, నేను ఎప్పుడూ పట్టించుకోలేదు. బాపు ఏడని అడిగారు. చెప్పాం. ఆమె బయటే కూర్చొని ఏడ్చింది, తర్వాత తిన్నది. పక్క ఇంటి వాళ్ళు, ఎదురింటి ముసలాయన, కొత్తగా గెలిచిన వార్డు మెంబరు, ఆయన వెనక నలుగురు.

రెండున్నరకు బగార అయిపోయింది. అమ్మ నా వైపు చూసింది. బస్తా విప్పి ఇంకో మూడు కిలోలు తెల్లన్నం ఎసట్లో పోశాం. పప్పుచారు కొంచెం నీళ్ళు కలిపి మళ్ళీ మరగబెట్టాం. మటన్‌లో పులుసే మిగిలింది. ఎవరూ ఏమీ అనలేదు.

కాక సాయంత్రం దాకా బాగానే ఉన్నాడు. నీళ్ళు మోశాడు, విస్తరాకులు ఎత్తాడు. చీకటి పడేటప్పటికి కనపడలేదు. ఎక్కడున్నాడో అందరికీ తెలుసు. అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఒక గిన్నెలో అన్నం, ఇంకో గిన్నెలో పెరటి కూర పెట్టి మూత వేసి, "పొయ్యి మీద వేడికి ఉండనీ, వస్తడు" అంది. తొమ్మిదిన్నరకు వచ్చాడు. గడప మీద కూర్చొని తిన్నాడు. తింటూ, "అన్న ఉంటే కొనిపెట్టేటోడు" అన్నాడు. అమ్మ జవాబు ఇవ్వలేదు, ఇంకో గరిటె అన్నం వేసింది. నేను రాయకపోవడం సరైన పనేనా అంటే ఇప్పటికీ చెప్పలేను.

రాత్రి బాపు పుస్తకం తీశాను. ఆయన ప్రతి ఏడూ పండగ తర్వాత పేజీ కింద ఒకటి రెండు మాటలు రాసుకునేవాడు, వచ్చే ఏటికి. 2024 కింద "పుదీన తక్కువైంది" అని ఉంది, అంతే. నేను అమ్మను అడుగుతూ రాశాను. వచ్చినోళ్ళు యాభై ఒకరు. మటన్ తక్కువైంది. పెద్దకూర మూడు కిలోలు చెప్పాలె. స్వామి అరటిపండ్లు మిగిలినయి. కేకు ఎవరూ ఎక్కువ తినలేదు, కిలో చాలు.

"లెక్క లేకుండ ఎంత రాయమంటవ్ వచ్చే ఏటికి?"

అమ్మ గిన్నెలు బోర్లిస్తూ ఆలోచించింది. "ఇరవై రాయి. బియ్యం కూడా దానికి తగ్గట్టు రాయి."